మీ పిల్లల ఎన్‌రిచ్డ్ మ్యాథ్స్ క్లాసులో నిజంగా పస ఉందా? ఇంట్లోనే తేల్చుకోవడం ఎలా

ఆరు నుంచి ఎనిమిదో తరగతి మధ్య చాలా స్కూళ్లు ఎన్‌రిచ్డ్ అనో అడ్వాన్స్‌డ్ అనో ఆనర్స్ అనో ఒక ప్రత్యేక లెక్కల క్లాసు పెడతాయి. అందులో సీటు వచ్చిన రోజు ఇంట్లో సంబరమే, ఆ తర్వాత ఏడాదంతా లోపల ఏం జరుగుతోందో మాత్రం ఎవరూ చూడరు. మార్కులు బాగానే వస్తున్నాయి కదా అని ఊరుకుంటాం. నేనూ రెండేళ్లు అలాగే ఊరుకున్నాను, కాబట్టి ఎవరినీ తప్పుపట్టే ఉద్దేశం లేదు. ఇది తేల్చుకోవడానికి మీకు లెక్కలు బాగా రావాల్సిన పని కూడా లేదు.

ముందు నోట్సు తీయండి

సిలబస్ కాగితం పక్కన పెట్టేయండి, అందులో అన్నీ గొప్పగానే ఉంటాయి. గత నాలుగు వారాల హోంవర్కు, టెస్టు పేపర్లు ముందేసుకుని పెన్సిల్ పట్టుకోండి. పైన ఒక లెక్క చేసి చూపించి, కింద అంకెలు మాత్రం మార్చి ఇచ్చినవాటికి ఒక గుర్తు పెట్టండి. ఎలా మొదలుపెట్టాలో ఎక్కడా చెప్పకుండా పిల్లలే దారి వెతుక్కోవాల్సిన లెక్కలకి ఇంకో గుర్తు. రెండో రకం పదిలో ఒక్కటి కూడా తేలకపోతే ఆ క్లాసుకి పేరే పెద్దదని నా లెక్క.

ఈ తేడా శాతాల్లో చూస్తే ఇట్టే తెలుస్తుంది. "ఒక వస్తువు ధర 20 శాతం తగ్గిస్తే ఎంత?" అన్నది మామూలు లెక్క. "ధర 20 శాతం పెంచి, పెరిగిన ధర మీద మళ్లీ 20 శాతం తగ్గించారు, మొదటి ధరే వచ్చిందా? రాకపోతే ఎంత శాతం తగ్గించి ఉండాల్సింది?" అన్నది ఆలోచించాల్సిన లెక్క. 100 కాస్తా 120 అయి, తగ్గాక 96 దగ్గర ఆగుతుంది. మళ్లీ 100కి రావాలంటే 120లో ఆరో వంతు, అంటే పదహారు శాతం పైచిలుకు తగ్గించాలి. రెండు లెక్కలకీ కావలసిన పాఠం ఒకటే, కొత్త ఫార్ములా ఏదీ లేదు.

వేగాన్ని చూసి లోతనుకోకండి

ఎక్కువమంది తల్లిదండ్రులు బోల్తా పడేది ఇక్కడే. ఏడో తరగతి పుస్తకాన్ని ఆరులోనే చెప్పేస్తే అది ముందుకు పరిగెత్తించడం. అందులో తప్పేం లేదు, కొందరు పిల్లలకి అది అవసరం కూడా. కానీ అవే లెక్కలు ఒక ఏడాది ముందు చేసినంత మాత్రాన అవి కష్టమైనవి అయిపోవు. "మావాడు అప్పుడే ఆల్జీబ్రా చేస్తున్నాడు" అని మురిసిపోయే ముందు వాడు ఎప్పుడో దాటేసిన పాఠంలోంచి ఒక ప్రశ్న అడగండి. భిన్నంతో భాగించమంటే తిరగేసి ఎందుకు గుణిస్తాం? 1/8ని దశాంశంలో రాస్తే 0.125 దగ్గర ఆగిపోతుంది, 1/7 ఎందుకు ఆగదు? రెండోదానికి "7తో భాగిస్తూ పోతే శేషం 1 నుంచి 6 వరకే ఉంటుంది, సున్నా ఎప్పుడూ రాదు, కాబట్టి ఎక్కడో ఒకచోట పాత శేషమే మళ్లీ వస్తుంది" అన్న మాట సగం సగంగా అయినా వస్తే క్లాసులో ఎవరో ఈ పిల్లల్ని ఎందుకు అని అడుగుతున్నారన్నమాట. "టీచర్ అలా చెయ్యమన్నారు" అని వస్తే సంగతి మీకే అర్థమవుతుంది.

పక్కన కూర్చోండి, సాయం మాత్రం చేయకండి

ఓ మూడు రోజులు హోంవర్కు వేళకి దగ్గర్లో ఏదో పని పెట్టుకుని గమనించండి. పావుగంటలో ఇరవై లెక్కలు తలెత్తకుండా చేసేస్తే అది ప్రాక్టీసు. బొమ్మ గీసుకోవడం, పెద్ద అంకెలు తీసేసి చిన్నవి వేసి చూడటం, సగం చేసి కొట్టేయడం, వదిలేసి మర్నాడు మళ్లీ పట్టుకోవడం కనిపిస్తే సంతోషించండి, ఆ కొట్టివేతలే మీకు కావలసిన సాక్ష్యం. ఒక్క రాత్రిలో అరవై లెక్కలిచ్చి ఏడిపించడం వేరే సంగతి, అది చేతినొప్పి. అంకెలు అడ్డదిడ్డంగా పెట్టి గుణకారాలు పొడిగించడం కూడా అంతే.

ఇంట్లో ఒక చిన్న పరీక్ష

"వరుసగా ఉండే ఏ మూడు సంఖ్యలు కూడినా 3తో భాగం పోతుందా?" అని అడగండి. నాలుగైదు ఉదాహరణలు వేసి "ఎప్పుడూ పోతుంది" అని తేల్చేస్తే అది మొదటి మెట్టు. "ఎప్పుడూ అని ఎలా తెలుసు?" అని అడిగాక కాసేపు గుంజాటన పడి, మొదటిదానికి ఒకటి కలిపి మూడోదానిలోంచి ఒకటి తీసేస్తే మధ్య సంఖ్యే మూడుసార్లు వస్తుందని కనిపెడితే చాలా మంచిది. అన్నిటికంటే విలువైనది, మీరు అడగకుండానే "మరి నాలుగు సంఖ్యలైతే?" అని తనే అడగడం. నాలుగైతే 4తో ఎప్పుడూ భాగం పోదు, ప్రతిసారీ శేషం 2 మిగులుతుంది. అయిదైతే 5తో మళ్లీ పోతుంది. ఇలా తనే ఇంకో ప్రశ్న వేసుకునే అలవాటు చాలావరకు క్లాసులో చూసి వస్తుంది. ఒక్కసారి రాకపోయినంత మాత్రాన టెన్షన్ పడకండి, వేరే రోజు వేరే లెక్కతో అడిగి చూడండి.

మార్కుల సంగతి క్లుప్తంగా చెప్తాను. ఏడాది పొడవునా నూటికి నూరు వస్తుంటే నేనైతే అనుమానిస్తాను. తక్కువ వస్తే క్లాసు కష్టంగా ఉందనీ కాదు, సరిగా చెప్పకపోయినా తక్కువే వస్తాయి.

బయటి కొలత ఒకటి కావాలంటే ఏఎంసీ 8 పాత పేపరు ఒకటి సంపాదించండి. అమెరికాలో ఎనిమిదో తరగతి, ఆ కింది తరగతుల పిల్లలకి పెట్టే లెక్కల పోటీ ఇది. 40 నిమిషాల్లో 25 ప్రశ్నలు, క్యాలిక్యులేటర్ ఉండదు, తప్పు జవాబుకి మార్కులు కోయరు. మీరు మాత్రం గడియారం పెట్టకండి. ముందున్నవి తేలిక, చివరివి బాగా కష్టం, కాబట్టి మధ్యలో ఉన్న అయిదారు ఇచ్చి చూడండి. ఎన్ని వచ్చాయన్నది కాదు, రానిచోట ఏం చేశారన్నది చూడాలి. "ఈ పాఠం మాకు చెప్పలేదు" అంటే సరే. పాఠం తెలిసి కూడా చేయి కదలకపోతే ఇలాంటి లెక్కలు చేసే అలవాటే లేదన్నమాట.

ఇక టీచర్‌తో మాట్లాడండి

"మా పాపకి ఇది సరిపోవడం లేదండీ" అని మొదలుపెడితే అవతలివాళ్లు సమర్థించుకోవడంలో పడిపోతారు. అందుకని "ఈ నెలలో క్లాసులో ఎవరికీ మొదటిసారి రాని లెక్క ఒకటి చూపిస్తారా, అప్పుడు పిల్లలు ఏం చేశారు?" అని అడగండి. మంచి టీచర్ అయితే ఈ ప్రశ్నకి ముఖం వెలిగి పది నిమిషాలు చెప్తారు. జవాబుతో పాటు కారణం కూడా రాయిస్తారా, త్వరగా ముగించినవాళ్లకి అలాంటి షీటే ఇంకోటి ఇస్తారా అని కూడా అడగొచ్చు. ఒకే గదిలో అన్ని స్థాయిల పిల్లలూ ఉండటం, చివర్లో అందరికీ ఒకటే పరీక్ష ఉండటం వాళ్ల చేతుల్లో లేని విషయాలు, అవి వింటే కోపం కొంత తగ్గుతుంది.

క్లాసు పలచగానే ఉందని తేలినా ఇంట్లో వర్కుషీట్లు గుమ్మరించకండి. వారానికి ఒక్క లెక్క ఫ్రిజ్ మీద అంటించండి, చాలు. ఈ వారానికి ఇది తీసుకోండి: పొడవు, వెడల్పు పూర్ణ సంఖ్యలై, వైశాల్యమూ చుట్టుకొలతా ఒకే సంఖ్య వచ్చే దీర్ఘచతురస్రాలు ఎన్ని ఉన్నాయి, చతురస్రాన్నీ కలుపుకుని? రెండు దొరుకుతాయి, అంత కష్టం కాదు. దొరికాక "మూడోది లేదని ఎలా చెప్పగలవు?" అని అడిగి, ఎన్ని రోజులు పట్టినా మీరు నోరు విప్పకండి.