ఆకలి లెక్కలు పోల్చాలంటే ఒకే ఫైల్‌లోంచి తీసుకోండి
ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కలు వాడేవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు, ఒక ఏడాది రిపోర్టులోని అంకెను మరో ఏడాది రిపోర్టుతో పోల్చడం. నేనూ చేశాను.

2018లో ప్రపంచంలో ఆకలితో ఉన్నవాళ్లు దాదాపు 82 కోట్లని 2019 రిపోర్టు చెప్పింది. 2019లో దాదాపు 69 కోట్లని 2020 రిపోర్టు చెప్పింది. ఒక్క ఏడాదిలో 13 కోట్ల మందికి కడుపు నిండిందా? లేదండీ. చైనా గురించి కొత్త డేటా దొరకడంతో 2000 దాకా వెనక్కి వెళ్లి లెక్కలు సవరించారు. ఆ సవరణ ప్రకారం 2018 అంకె దాదాపు 68 కోట్లే. అంటే ఆకలి తగ్గలేదు, కోటి మంది పెరిగారు!

అందుకే కావలసిన ఏళ్లన్నీ ఆ సంస్థ డేటా వెబ్‌సైట్ ఎఫ్ఏఓస్టాట్‌లో ఒకేసారి డౌన్‌లోడ్ చేసి, ఫైల్ పేరులో ఆ తేదీ రాసుకోండి. దేశాలవారీ ఆకలి శాతాలు మూడేళ్ల సగటులు, ఒక్క ఏడాది కరువు వాటిలో పలచబడిపోతుంది. ఇంకో సంగతి, గడిలో "<2.5" అని ఉంటే 2.5 శాతం కన్నా తక్కువని అర్థం, సున్నా కాదు. ఎక్సెల్ దాన్ని అక్షరాలుగా చూసి సగటులోంచి చడీచప్పుడు లేకుండా వదిలేస్తుంది.