సాయంత్రం టీవీ ఆగిపోవడం: నా అనుభవం

హనుమకొండలో మా డాబా మీద డిష్ ఉంది. నెల రోజులుగా పొద్దంతా టీవీ బాగానే వచ్చేది, రాత్రి ఏడు గంటల వార్తలకు మాత్రం బొమ్మ ముక్కలై 'నో సిగ్నల్' అనేది. అమ్మకు సీరియళ్లు పోతున్నాయని నాకు ఒకటే టెన్షన్. బాక్స్ రీస్టార్ట్ చేశాం, కేబుల్ మార్చాం, మెకానిక్‌తో డిష్ తిప్పించాం, లాభం లేదు.

ఈమధ్య ఒక ఆదివారం మొక్కలకు నీళ్లు పడుతుంటే విషయం తెలిసింది. డిష్ ఎదురుగా ఏమీ లేదు కదా అనుకున్నా. కానీ సిగ్నల్ ఎదురుగా రాదు, దక్షిణం వైపు ఆకాశంలోంచి 60 డిగ్రీలకు పైనే ఏటవాలుగా దిగుతుంది. సరిగ్గా అక్కడికే బీరతీగ పందిరి దాటి పాకింది. నేను రోజూ సాయంత్రం పైపుతో ఆకులన్నీ తడిపేవాణ్ణి. తడి ఆకులు సిగ్నల్‌ను మింగేస్తాయి.

కోసేద్దామంటే అమ్మ "వద్దు బిడ్డా, బతుకమ్మకు పూలు కావాలె" అంది. అందుకని ముందు టీవీలో సిగ్నల్ క్వాలిటీ పేజీ తెరిచి అమ్మను చూడమన్నా. పైన ఒక్కో కొమ్మను మెల్లగా వెనక్కి లాగి, సుతిలితో పందిరి ఉత్తరం గుంజకు కట్టా. మూడో కొమ్మకే "పెరిగింది!" అని కేక. ఇప్పుడు నీళ్లు పొద్దున్నే, ఆకుల మీద కాకుండా తీగ మొదలు దగ్గరే పోస్తున్నా.

పది రోజులైంది, ఒక్కసారీ ఆగలేదు. పెద్ద వానలో మాత్రం పోవచ్చు, అది వేరే సంగతి. పగలు కూడా సిగ్నల్ పోతుంటే మీ సమస్య ఇది కాకపోవచ్చు.