3డీఎస్ ఆటల్ని ఎస్‌డీ కార్డులోకి తీసేటప్పుడు

మా తమ్ముడి నింటెండో 3డీఎస్ (చేతిలో పట్టుకుని ఆడే గేమ్ కన్సోల్) బ్యాకప్ బాధ్యత నాది. నేను చేసే పద్ధతి ఇదీ.

సిస్టమ్ సెట్టింగ్స్‌లో డేటా మేనేజ్‌మెంట్‌కి, అక్కడి నుంచి డీఎస్‌ఐవేర్‌లోకి (పాత డీఎస్‌ఐ కన్సోల్ కోసం వచ్చిన డౌన్‌లోడ్ ఆటలు) వెళ్లి, ఆటను ఎంచుకుని కార్డుకి కాపీ చేయండి. కార్డులో ఒక బిన్ ఫైల్ తయారవుతుంది. ఆటా, సేవ్ డేటా రెండూ అందులోనే ఉంటాయి.

అసలు కథ ఆ ఫైల్ లోపలే ఉంది. కన్సోల్ ఒక్కో భాగాన్నీ ఎన్‌క్రిప్ట్ చేసి (కీ లేనిదే చదవలేని రహస్య రూపంలోకి మార్చి), వాటి హాష్‌ల (డేటాకి వేలిముద్రల్లాంటి చిన్న కోడ్‌లు) పట్టిక మీద ఈసీడీఎస్‌ఏ అనే డిజిటల్ సంతకం పెడుతుంది. సంతకం చేసిన కీకి కన్సోల్ సొంత కీ హామీ, దానికి నింటెండో హామీ. అప్పు పత్రం మీద జామీనుకి మళ్లీ జామీను ఉన్నట్టు! ఒక్క బైట్ మార్చినా కన్సోల్ ఆ ఫైల్‌ని వెనక్కి తీసుకోదు.

పీసీలోకి మాత్రం కార్డులోని ‘నింటెండో 3డీఎస్’ ఫోల్డర్‌ని మొత్తంగా కాపీ చేయండి. లోపల 32 అక్షరాల పేర్లున్న ఫోల్డర్ల జోలికి పోవద్దు. వాటిలో బయటి ఫోల్డర్ పేరు కన్సోల్ కీ నుంచే పుట్టింది. అది మారిస్తే కన్సోల్‌కి ఆటలు కనబడవు.

కొత్త కార్డు 64 జీబీదైతే సాధారణంగా ఎక్స్‌ఫ్యాట్ అనే ఫార్మాట్‌లో వస్తుంది, ముందు 3డీఎస్ చదవగల ఫ్యాట్32 ఫార్మాట్‌కి మార్చుకోండి.

నాకు నిజంగా టెన్షన్ పెట్టేది ‘ఫార్మాట్ సిస్టమ్ మెమరీ’ బటన్. అది నొక్కితే కీ మారిపోతుంది, బ్యాకప్ భద్రంగా ఉన్నా చదవడం కుదరదు. వేరే 3డీఎస్‌కి మారాలంటే సిస్టమ్ ట్రాన్స్‌ఫర్ వాడండి, కార్డు చదివే కీ కూడా దాంతోపాటే వెళ్తుంది.