చదువుకుంటూ పలాస జీడి యూనిట్‌కి సాఫ్ట్‌వేర్ చేస్తున్నారా? కోడ్ మొదలెట్టే ముందు ఈ జాగ్రత్తలు

– ముందు యూనిట్‌కి వెళ్లి ఒక పూట కూర్చోండి. పిక్కలు 80 కిలోల బస్తాల్లో వస్తాయి, పప్పేమో డబ్ల్యూ 240, డబ్ల్యూ 320 అని గ్రేడుల వారీగా కిలోల్లో పోతుంది, ముక్కలకి మళ్లీ వేరే రేటు. ఇది తెలియకుండా డేటాబేస్ కట్టేస్తే సగంలో అంతా తిరగరాయాలి. యజమానితో పాటు రిజిస్టర్ రాసే గుమస్తాగారిని కూడా అడగండి, రోజూ వాడేది ఆయనే కదా.

– ఏం చేస్తారో, ఏం చెయ్యరో ఒక పేజీలో తెలుగులో రాసి మీరూ యజమానీ సంతకం పెట్టుకోండి. "ఇంకో చిన్న రిపోర్ట్ బాబూ" అంటే మొహమాటానికి ఊ కొట్టకండి, దాని బదులు ఏది ఆపాలో అడగండి.

– గిట్ (కోడ్‌లో చేసిన ప్రతి మార్పునీ దాచిపెట్టే టూల్) మొదటి రోజు నుంచే వాడండి. పాస్‌వర్డ్‌లు అందులో అస్సలు పెట్టొద్దు, తర్వాత తీసేసినా పాత కమిట్లలో (అంతకుముందు సేవ్ చేసిన మార్పుల్లో) ఉండిపోతాయి.

– కస్టమర్ల అసలు ఫోన్ నంబర్లతో టెస్టింగ్ వద్దు.

– మీ సెమిస్టర్ పరీక్షల తేదీలు యజమానికి ముందే చెప్పేయండి.

– డొమైన్ (వెబ్‌సైట్ పేరు), హోస్టింగ్ (సాఫ్ట్‌వేర్ నడిచే సర్వర్ చోటు) యజమాని పేరు మీదే తీయించండి. మీరు ఉద్యోగాలకని విశాఖో హైదరాబాదో వెళ్లిపోయాక రెన్యువల్ ఓటీపీ మీ ఫోన్‌కి వస్తే ఆయనేం చేస్తారు?