కార్తీకంలో వరంగల్ వస్తున్నారా? రోజు చూసుకుని రండి

సోమవారం మాత్రం రాకండి. దర్శనం కోసమే వస్తున్నాం, ఎంత రద్దీ ఉన్నా ఫర్వాలేదు అనుకునేవాళ్ల సంగతి వేరు, వాళ్లు తెల్లవారుజామునే వచ్చి దీపం పెట్టుకుని వెళ్లిపోతారు. కానీ పిల్లలతో ఊరు చూద్దామని వచ్చేవాళ్లకు కార్తీక సోమవారం, పౌర్ణమి రోజుల్లో వేయిస్తంభాల గుడిలో కనిపించేది స్తంభాలు కాదు, ముందు నిలబడ్డవాళ్ల వీపులు. మంగళవారమో బుధవారమో అయితే అదే గుడిని తీరిగ్గా చూడొచ్చు. 1163లో రుద్రదేవుడు కట్టించిన గుడి ఇది, శివుడు, విష్ణువు, సూర్యుడు ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. ఏళ్ల తరబడి విప్పదీసి ఉన్న కల్యాణ మండపం పని పూర్తయి 2024లో తెరిచారు కాబట్టి చిన్నప్పుడెప్పుడో చూశాం అనేవాళ్లు కూడా మళ్లీ వెళ్లండి.

రైలు టికెట్ తీసేముందు ఒక్క విషయం. బయటివాళ్లు వరంగల్ అనేది నిజానికి కాజీపేట, హన్మకొండ, వరంగల్ మూడూ కలిసిపోయిన ఊరు. సికింద్రాబాద్ నుంచి ఢిల్లీ వైపు పోయే రైళ్లు కాజీపేట దగ్గరే పైకి తిరిగిపోతాయి, వరంగల్ స్టేషన్ మొహం చూడవు. విజయవాడ వైపు పోయేవి రెండు చోట్లా ఆగొచ్చు, ఒక్కచోటే ఆగొచ్చు, అందుకని రైలు ఎక్కడ ఆగుతుందో చూసుకుని బుక్ చేయండి. ఎక్కడ దిగినా టెన్షన్ అక్కర్లేదు, మూడు ఊళ్ల మధ్యా షేర్ ఆటోలు తిరుగుతూనే ఉంటాయి. హైదరాబాద్ నుంచి బస్సైతే ఉప్పల్‌లో ఎక్కడం సులువు, 150 కిలోమీటర్లలోపే. తెలంగాణ ఆడవాళ్లకు ఎక్స్‌ప్రెస్, పల్లెవెలుగుల్లో డబ్బు కట్టక్కర్లేని జీరో టికెట్ ఇస్తారు, ఆధార్ ఒరిజినల్ దగ్గర పెట్టుకోండి. సూపర్ లగ్జరీ ఎక్కి జీరో టికెట్ అడిగితే మాత్రం కండక్టర్ ఒప్పుకోడు.

గది హన్మకొండలో తీసుకోండి, నక్కలగుట్ట వైపు హోటళ్లు బాగానే ఉంటాయి, గుడికి దగ్గర, తిండికి ఇబ్బంది లేదు.

కోట పొద్దున్నే చూడాలి. నవంబర్‌లో ఐదున్నర దాటితే చీకటి పడుతుంది, మధ్యాహ్నం భోజనం చేసి నెమ్మదిగా బయల్దేరితే సగం చూసేసరికే వెలుతురు పోతుంది. చాలామంది నాలుగు తోరణాల దగ్గర ఫొటోలు దిగి, కోట అయిపోయిందని వెనక్కి తిరుగుతారు, నాకైతే అది కడుపు మండే విషయం. ఆ తోరణాల మధ్య ఉండాల్సిన స్వయంభూ శివాలయం ఇప్పుడు లేదు, చుట్టూ పరిచి ఉన్న రాతి ముక్కలు దానివే, వాటి మీద చెక్కిన హంసలు, లతలు దగ్గరగా వెళ్లి చూడండి. పక్కనే ఖుష్ మహల్ ఉంది. తర్వాత ఆటో మాట్లాడుకుని రాతిగోడ దర్వాజాల దాకా వెళ్లండి, గణపతిదేవుడు మొదలుపెట్టి రుద్రమదేవి ఎత్తు పెంచిన గోడ అది. దాన్ని దాటి ఇంకా బయటికి పోతే మట్టికోట కట్ట కనిపిస్తుంది. కోట లోపల ఇప్పటికీ జనం ఇళ్లు కట్టుకుని, పొలాలు దున్నుకుని బతుకుతున్నారు, ఎవరి ముంగిట్లోకైనా కెమెరా పెట్టేముందు ఓ మాట అడగండి.

భద్రకాళి గుడికి సాయంత్రం వెళ్లండి, మధ్యాహ్నం కాసేపు మూస్తారు.

రామప్పను మాత్రం ఇదే రోజులో కలపకండి. ములుగు దాటి పాలంపేట దాకా పోవాలి, వరంగల్ నుంచి 65 కిలోమీటర్లకు పైనే. 1213 నాటి ఆ గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం బాగా పెరిగారు. శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలేంత తేలిక, గైడ్ దొరికితే అడిగి చెప్పించుకోండి. లక్నవరం చెరువు కూడా అటువైపే కాబట్టి రెండింటికీ కలిపి ఓ రోజు ఇవ్వండి. కాళేశ్వరంలో గోదావరి స్నానం కూడా చేయాలంటే అది పరకాల, భూపాలపల్లి మీదుగా పోయే వేరే దారి, దానికి ఇంకో రోజు. మూడింటినీ ఒక్కరోజులో తిప్పేస్తానని ఏ కారు డ్రైవరైనా అంటే, మీరు చూసేదల్లా రోడ్డే.

ఇదే పత్తి సీజన్ కూడా. ఏనుమాముల మార్కెట్ వైపు పొద్దున పత్తి బండ్లు, డీసీఎంలు బారులు కడతాయి, సొంత కారులో వచ్చేవాళ్లు ఆ దారి తప్పించుకోండి. చలి పొద్దున, రాత్రి మాత్రమే, ఒక స్వెట్టర్ చాలు. రోడ్డు పక్క గంపల్లో సీతాఫలాలు కనిపిస్తే బేరమాడి తీసుకోండి, ఈ కాలంలో వాటిని వదలకూడదు. బియ్యప్పిండితో చేసే సర్వపిండి హోటల్లో దొరికినా, ఇక్కడ చుట్టాలుంటే వాళ్లింట్లోనే చేయించుకోండి. కొనడానికైతే కొత్తవాడ జంపఖానాలు, చేత్తో నేసినవే అని అడిగి మరీ తీసుకోండి.

ఆదివారం సాయంత్రం తిరుగు బస్సుకు వచ్చిన రోజే రిజర్వేషన్ చేసేయండి, లేకపోతే జనగామ దాకా నిలబడే పోవాల్సి రావచ్చు.