పిల్లల అమెరికా పాస్‌పోర్ట్ కోసం నానక్‌రామ్‌గూడలోని అమెరికా కాన్సులేట్‌కు వెళ్లే ముందు

అమెరికాలో పుట్టిన పిల్లలతో హైదరాబాద్ వచ్చి స్థిరపడినవాళ్లు ఇది ఒకసారి చదవండి. 16 ఏళ్లలోపు పిల్లల పాస్‌పోర్ట్ 5 ఏళ్లకే అయిపోతుంది, పెద్దవాళ్లలా 10 ఏళ్లు ఉండదు, కాబట్టి డేట్ ఇవాళే చూసుకోండి.

- దీన్ని రెన్యువల్ అనుకోవద్దు. ప్రతిసారీ కొత్తగా డీఎస్-11 ఫారం నింపాలి, సంతకం మాత్రం ఇంట్లో పెట్టకండి, కాన్సులేట్‌లో అధికారి ఎదుటే పెట్టాలి.
- తల్లి, తండ్రి ఇద్దరూ పిల్లలతో పాటు వెళ్లాలి. ఒకరు అమెరికాలోనే ఉండిపోతే వాళ్ల అంగీకారం డీఎస్-3053 ఫారం మీద నోటరీ చేయించి, ఐడీ కాపీతో ముందే తెప్పించుకోండి. చాలామందికి పని ఆగేది ఇక్కడే, టికెట్లు బుక్ చేసుకున్నాక ఆ టెన్షన్ ఎవరికీ వద్దు.
- బర్త్ సర్టిఫికెట్ ఒరిజినల్, పాత పాస్‌పోర్ట్, వాటి జిరాక్స్‌లు.
- ఫొటో 2 అంగుళాలకు 2 అంగుళాలు, తెల్ల బ్యాక్‌గ్రౌండ్, కళ్లజోడు వద్దు. మన పాస్‌పోర్ట్ సైజు పనికిరాదు.
- అపాయింట్‌మెంట్ లేకుండా వెళ్లకండి. ల్యాప్‌టాప్, పెద్ద బ్యాగు ఇంట్లోనే వదిలేయండి.

కొత్త పాస్‌పోర్ట్ చేతికొచ్చాక ఓసీఐ (విదేశీ పౌరసత్వం ఉన్న భారత సంతతివాళ్లకు ఇండియా ఇచ్చే కార్డు) ఉన్నవాళ్లు 3 నెలల్లోపు దాని కాపీ, కొత్త ఫొటో ఓసీఐ పోర్టల్‌లో అప్‌లోడ్ చేయాలి, ఇది మర్చిపోయేవాళ్లే ఎక్కువ.

ఇంకొకటి, పిల్లల పేర్లు, మీ ఫోన్ నంబర్ 'స్టెప్'లో (విదేశాల్లో ఉన్న అమెరికా పౌరుల కోసం ఆ ప్రభుత్వం నడిపే నమోదు సేవ) ఉచితంగా నమోదు చేయండి. వరదలో గొడవలో వస్తే కాన్సులేట్ హెచ్చరికలు నేరుగా మీకే వస్తాయి.