అడవిలో పారబోసిన చెత్త తియ్యడానికి వెళ్తున్నారా, ముందు ఇది చదవండి

మన వైజాగ్‌లో కంబాలకొండ అంచున గానీ సింహాచలం కొండ వెనక గానీ రోడ్డు దిగి కాస్త లోపలికెళ్తే రాత్రిపూట ఎవరో ట్రక్కుల్లో తెచ్చి గుమ్మరించిన కుప్పలు కనపడతాయి, చూస్తే కడుపు తరుక్కుపోతుంది, వెంటనే నలుగురు ఫ్రెండ్స్‌ని పోగేసి ఆదివారం దిగిపోదాం అనిపిస్తుంది. ఆగండి. మేం మొదటిసారి అలాగే దిగిపోయి నలభై బస్తాలు నింపి రోడ్డు పక్కన పేర్చి వచ్చేశాం, తీసుకెళ్లడానికి బండి మాట్లాడుకోలేదు, రెండ్రోజుల తర్వాత వెళ్తే ఆవులూ పందులూ అన్నీ చింపేసి చెత్త మళ్లీ గెడ్డ (వాగు) దాకా పరుచుకుని ఉంది. అందుకే మొదటి బస్తా నింపే ముందే అది ఎక్కడికెళ్తుందో తేల్చుకోవాలి.

ఆ స్థలం ఎవరిదో కనుక్కోండి. కంబాలకొండ వన్యప్రాణి అభయారణ్యం, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పర్మిషన్ లేకుండా లోపలికెళ్లడమే నేరం, మంచి పనికే వెళ్లినా సరే. ఫారెస్ట్ రేంజ్ ఆఫీసులో ఒక లెటర్ ఇవ్వండి, తేదీ, టైము, ఎంతమంది వస్తున్నారు, ఎక్కడ తీస్తారు అన్నీ రాసి, ఆరోజు బీట్ ఆఫీసర్ గారిని, అంటే ఆ అడవి ముక్కని చూసుకునే ఫారెస్ట్ ఉద్యోగిని కూడా రమ్మని అడగండి. ఇంకో లెటర్ జీవీఎంసీ (మన నగర కార్పొరేషన్) వాళ్లకి, బండి పంపుతారా, పంపకపోతే మా ట్రాక్టర్‌లో ఎక్కడికి తెచ్చి దింపాలి అని. ఈ రెండింటికీ జవాబు వచ్చాకే డేట్ వెయ్యండి.

ముందురోజు ఇద్దరు వెళ్లి కుప్ప మొత్తం ఫొటోలు తియ్యాలి, లొకేషన్ ఆన్ చేసి. చెత్తలో బిల్లులు, కొరియర్ కవర్లు, అడ్రస్ ఉన్న అట్టపెట్టెలు దొరుకుతాయి, వాటిని తీసి దాచుకోకండి, ఉన్నచోటే ఫొటో తీసి ఆఫీసర్ చేతికివ్వండి, పారబోసినోళ్లని పట్టుకోడానికి అదే ఆధారం. వాళ్ల పేర్లు గ్రూపుల్లో పెట్టొద్దు, బిల్లు ఎవరిదైనా పారబోసింది వేరేవాళ్లు కావచ్చు.

నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది, పొద్దున్న ఆరింటికి మొదలెట్టి తొమ్మిదికల్లా ఆపెయ్యాలి, మన ఉక్కపోతకి ఆ తర్వాత కళ్లు తిరుగుతాయి. చోడి (రాగి) అంబలి ఒక క్యాన్ నిండా పట్టుకెళ్లండి, కూల్ డ్రింకులకన్నా అదే నిలబెడుతుంది. బూట్లు, ఫుల్ ప్యాంటు, మందపాటి తోలు గ్లవ్స్ తప్పనిసరి, సర్జికల్ గ్లవ్స్ అసలు పనికిరావు. టెటనస్ ఇంజెక్షన్ ముందే వేయించుకోండి.

ఏ బస్తానీ చేత్తో ఎత్తకండి, ముందు గునపంతోనో దంతెతోనో దూరం నుంచి దొర్లించండి. ఒకసారి మేం ఒక రేకు ముక్క ఇలా తిరగేస్తే దాని కింద చల్లటి మట్టిలో రక్తపింజర చుట్టుకుని పడుకుని ఉంది, ఎండుటాకుల రంగులో కలిసిపోయి, బుస కొడితే గానీ పాము అని తెలీలేదు. అందరం వెనక్కి జరిగిపోయాం, కాసేపటికి అదే వెళ్లిపోయింది. ఎవరినైనా కరిస్తే కట్లు కట్టొద్దు, కొయ్యొద్దు, నడిపించొద్దు, కదలకుండా ఉంచి 108కి ఫోన్ చేసి కేజీహెచ్‌కి (కింగ్ జార్జ్ ఆసుపత్రి) తీసుకెళ్లండి.

సిరంజీలు, సెలైన్ ట్యూబులు కనపడితే మిగతా చెత్తలో కలపకండి. పట్టకారుతో తీసి మూత ఉన్న గట్టి డబ్బాలో వేసి, ఆసుపత్రి చెత్త అని రాసి వేరుగా అప్పజెప్పాలి. సూది గుచ్చుకుంటే పిండొద్దు, సబ్బుతో కడిగి వెంటనే ఆసుపత్రికెళ్లాలి, హెచ్‌ఐవీ రాకుండా ఇచ్చే మందులు 72 గంటల్లోపే మొదలెట్టాలి, ఎంత తొందరగా వేసుకుంటే అంత మంచిది. పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్, అంటే దుమ్ముగా పీలిస్తే ఊపిరితిత్తుల్ని పాడుచేసే పీచు ఉంటుంది కాబట్టి పగలగొట్టకండి, నీళ్లు చల్లి ముక్క ముక్కగా కాకుండా ఉన్నవి ఉన్నట్టే ఎత్తండి. టైర్లలో నిలిచిన నీళ్లు పారబోసెయ్యండి, డెంగీ దోమలు పెరిగేది అందులోనే.

బస్తా సగమే నింపండి, తడి చెత్త నడుం విరిచేస్తుంది. పాత కవర్లు మట్టిలోకి దిగిపోయి వాటిలోంచి మొక్కల వేళ్లు పెరిగిపోయి ఉంటాయి, లాగితే మొక్క కూడా వచ్చేస్తుంది, అలాంటి చోట పైకి కనపడేంత వరకు కత్తెరతో కత్తిరించి వదిలెయ్యండి. ఇంకో మాట, ఎంత కుప్ప మిగిలినా నిప్పు మాత్రం పెట్టకండి, ఎండిన గడ్డికి అంటుకుంటే కొండంతా పోతుంది.

ఇక బండి వచ్చే దారి ముయ్యాలి, ఇది చెయ్యకపోతే పడ్డ కష్టమంతా వృథా. ట్రక్కు ఎక్కడ రివర్స్ తీసుకుంటోందో టైర్ల గుర్తులు చూస్తే తెలిసిపోతుంది, అక్కడ పెద్ద రాళ్లు వేయించమనో కందకం తవ్వించమనో ఫారెస్ట్ వాళ్లని అడగండి, మీరే తవ్వెయ్యకండి. దగ్గర్లో టీ కొట్టుంటే ఆయనకి ఒక ఫోన్ నెంబర్ ఇచ్చి రండి, రాత్రి ఏ బండి వచ్చిందో ముందు తెలిసేది ఆయనకే. వారం తర్వాత ఒకసారి, మొదటి వాన పడ్డాక ఒకసారి వెళ్లి చూడండి, ఒక్క బస్తా కనపడినా ఫొటో తీసి ఆఫీసర్‌కి చెప్పి ఆరోజే తీసేయించండి, ఒకటి పడి ఉంటే దాని పక్కనే ఇంకో పది పడతాయి.